పటంలో లేని గుడి

“చరిత్రా మతమూ కలిపి చదవడమేటి? ఏదో ఒకటి చదవకూడదా?” అని దక్షిణామూర్తి మొదట్లోనే అన్నాడు. కూతురు వింటేగా!

ఛాయ యూనివర్సిటీలో ఎం.ఫిల్. చేస్తోంది. ఆమెకు గైడ్లు ఇద్దరు. చరిత్ర ప్రొఫెసరుకు కాగితం కావాలి. మతాల గురించి చెప్పే ఆయనకు మనిషి మాట చాలు. కానీ ఇద్దరూ సంతకం పెడితేనే థీసిస్ ముందుకు కదులుతుంది.

మనిషి మాట దొరికింది. క్యాంప్ 1 సందుల్లో ఫిరంతిన్ బాయి అనే ముసలామె ఉంది. ఉక్కు ఫ్యాక్టరీ కాలనీ లేవకముందు అక్కడున్న పల్లె ఆమెది. రోడ్డు వేసినప్పుడు తమ శీతలా దేవి గుడిని నేలమట్టం చేశారంటుంది. లారీలు తిరిగే చోటికి చెయ్యి చాపి, “దాయి ఇహే జగా రహిస్, బేటీ” అంటుంది. అమ్మ ఇక్కడే ఉండేది. అది పుస్తకంలో రాయమని ముసలామె ఛాయ రెండు చేతులూ పట్టుకుంది. తను పోతే ఇక చెప్పేవాళ్లు లేరు.

ఓసారి ఛాయ తండ్రిని కూడా తీసుకెళ్లింది. ఆయన గడప దాటి లోపలికి రాలేదు. మర్నాడు మాత్రం ముసలామెకు కొత్త కంబళి పంపించాడు.

“దుర్గ్‌లో జిల్లా ఆఫీసులో పాత రోడ్డు సర్వే పటాలున్నాయట నాన్నా. వాటిని చదవడం నాకు రాదు. డ్రాఫ్ట్స్‌మన్‌వి నువ్వే కదా, రా.”

ఆయన ఏదో సణిగాడు. చివరికి సెలవు పెట్టాడు. తాముండే సెక్టర్ 7 నుంచి ఆరుసార్లు బస్సెక్కారు. ఆరోసారి 1957 నాటి పటం దొరికింది. ఛాయ దాన్ని బల్ల మీద పరిచింది. దక్షిణామూర్తి కళ్లజోడు పెట్టుకొని, గీతల మీద మెల్లగా వేలు నడిపించాడు.

“చెరువుంది. బావి ఉంది. గుడి లేదమ్మా.”

“మళ్లీ చూడు నాన్నా!”

“చూశాను. లేదు.” ఆయన కళ్లజోడు తీసేశాడు.

“అయ్యో, నువ్వెందుకు ఏడుస్తావు? చదువు నాది కదా” అని ఛాయే ఆయన కళ్లు తుడిచింది.

చరిత్ర ప్రొఫెసరు థీసిస్ తిప్పి పంపాడు. రెండో ఆయన, “నేనొక్కడినీ ఏం చెయ్యనమ్మా?” అని పెన్ను మూత పెట్టేశాడు.

వానాకాలంలో ఫిరంతిన్ బాయి చనిపోయింది. కబురొచ్చినా ఛాయ వెళ్లలేదు. రెండేళ్లుగా రాసుకున్న నోట్సులన్నీ మూటగట్టి, పాత కాగితాలు కొనే రద్దీవాడి తక్కెడలో వేసింది.

“ఉత్త అబద్ధం నాన్నా. రెండేళ్లు నన్ను పిచ్చిదాన్ని చేసింది. గుడీ లేదు, గిడీ లేదు. బస్, ఖతమ్. ఇంక చదవను.”

దక్షిణామూర్తి గుమ్మంలో నిలబడి, రద్దీవాడి సైకిలు వీధి మలుపు తిరిగేదాకా చూశాడు.

“పెద్దది కదమ్మా. ఏటో అనుకొని ఉంటాది” అన్నాడు.

ఇరవై ఆరేళ్ల క్రితం, రోడ్డు వంకర పోకూడదని కంట్రాక్టరు చెప్పగానే, ఆ పటంలోంచి గుడి గుర్తును బ్లేడుతో గీకి తీసేసింది ఆయనే.