రాతిపిట్ట జవాబు

"పిట్టా లేదు గిట్టా లేదు. ఇక ఇంటికి పదండి," అంది భార్య, చెప్పుల్లో దూరిన ఇసుక దులుపుకుంటూ.

"ఒక్కసారి. ఇదే ఆఖరు," అన్నాడు ఫొటోగ్రాఫరు. పొద్దుటి నుంచి ఆ ఆఖరు ఎన్నోదో ఆయనకే తెలియదు.

రేపు ఆఫీసరు సంతకం పెడితే ఈ ఏటి బండలన్నీ కంకర క్రషర్‌కి పోతాయి. ఈ రాళ్ల సందుల్లో గూడు కట్టే రాతిపిట్ట ఇంకా బతికే ఉందని ఒక్క ఫొటో చూపిస్తే ఆపేస్తానన్నాడు ఆ ఆఫీసరు. మాటలు పనికిరావు, ఫొటో కావాలన్నాడు.

ఫొటోగ్రాఫరు ఫోను బండ మీద పెట్టి నొక్కాడు. మూడు సన్నటి ఈలలు, చివర చిన్న విరుపు. కిందటేడు ఇదే గట్టున ఆయన రికార్డు చేసిన కూత. ఆ కూత వింటే జత పిట్ట వస్తుందని ఆశ. కూత అయిపోగానే టక్కున ఆపేశాడు.

"ఎందుకాపారు? చివర్లో నా గొంతు ఉందనా?"

"ఉండదూ మరి! 'ఏవండీ, టీ చల్లారిపోతోంది' అని ఒకటే కేక. ఆ కేకకే అప్పుడు పిట్ట తుర్రుమంది. లేకపోతే ఆనాడే ఫొటో దక్కేది."

"అడిగిన ఫొటోల వాళ్లందరికీ ఆ రికార్డింగు నా కేకతో సహా పంచిపెట్టారుగా. ఇంకా దెప్పుతారేం?"

ఆయన నోరు తెరిచేలోగా అవతలి గట్టు నుంచి వినిపించింది. మూడు సన్నటి ఈలలు. చివర చిన్న విరుపు.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఆయన మళ్లీ ఫోను నొక్కాడు. మళ్లీ జవాబొచ్చింది.

"ఉందండీ! ఉంది!" భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికి పదమన్న మనిషే ముందుగా ఏట్లోకి దిగింది. ఆయన ఫోను జేబులో వేసుకుని, కెమెరా నెత్తిన పెట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో ఆమె వెనకే నడిచాడు.

"పాచి ఉంది, చూసుకోండి."

"ఈసారైనా నోరు మెదపకు తల్లీ, నీకు దండం పెడతాను."

ఆమె అరచేత్తో నోరు మూసుకుంది.

అవతలి గట్టెక్కేసరికి ఆయనకు ఎందుకో సిగ్గేసింది. పాపం, ఏడాదంతా ఒంటరిగా కూసి కూసి, ఇవాళ తోడు దొరికిందని ఎంత సంబరపడుతోందో! దానికి జవాబిచ్చింది మాత్రం ఒక ఫోను. ఫొటో తీసుకున్నాక దాని మానాన దాన్ని వదిలేయాలి, ఇంకెప్పుడూ ఇలా మోసం చేయకూడదు అనుకున్నాడు.

పెద్ద బండ ముందు మోకాళ్ల మీద కూర్చుని కెమెరా కంటికి ఆనించాడు. కూత ఆ బండ వెనక నుంచే వస్తోంది. ఇంత దగ్గరగా ఆయన దాన్ని ఎప్పుడూ వినలేదు. మూడు ఈలలు. విరుపు. వేలు బటన్ మీద బిగుసుకుంది.

పక్కన భార్య ఇంకా నోటి మీది చెయ్యి తీయలేదు. బండ వెనక నుంచి మాత్రం ఆమె గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఏవండీ, టీ చల్లారిపోతోంది!"