తూగినవాళ్లకే అస్సాం

ముంచింగిపుట్టు సంతలో చింతపండు తూచే పెద్ద కాటా మీద ఆ రోజు మనుషుల్ని తూస్తున్నారు. అస్సాం తేయాకు తోటలకు కూలీలను పట్టుకెళ్లే సర్దారు ఒక తట్టలో బస్తా పెట్టించాడు. బస్తాకు ఎదురు తూగినవాళ్లే బండెక్కాలి.

దెబోరా కూర్చోగానే తట్ట కిందికి దిగింది. సర్దారు ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నాడు. తర్వాత ఆమె మొగుడు యోనా కూర్చున్నాడు. బస్తా కదల్లేదు.

"కట్టెపుల్లలాగున్నావేట్రా? కడుపునిండా తిని, రోజూ కొండెక్కి దిగు. ఒళ్లొచ్చాక వచ్చే ఏడు రా," అన్నాడు సర్దారు.

"ఇద్దరం ఒక్క కుండలో అంబలే తాగుతాం బాబూ. మీ కాటాయే తప్పు సెప్తంది," అంది దెబోరా.

యోనా తల దించుకున్నాడు.

ఆమెకు అనుమానం వచ్చింది. "ఏటి మావా? పోడుకాడ తాగేసినానని రోజూ సెప్పీవోడివి కాదేటి?"

"ఏసు తోడు, తాగీవోణ్నే."

"ఏటి తాగీవోడివి?"

"టెంకలంబలి."

రాగులు, అక్కడి మాటలో చోళ్లు, నిండుకున్న ఇళ్లలో మామిడి టెంకల పిండితో కాచుకునే అంబలి అది. వానాకాలమంతా తన ముంతలోకి చిక్కటి చోడంబలి ఎలా వచ్చిందో దెబోరాకు అప్పుడు తెలిసింది.

"నానెల్లను బాబూ," అని సర్దారు కాళ్లు పట్టుకుంది.

వేలిముద్ర పడ్డాక వెనక్కి లేదన్నాడతను.

బండి కదిలింది. యోనా పక్కనే నడుస్తూ నవ్వబోయాడు.

"ఏడవకే పిల్లా. ఇకనించి సోళ్లన్నీ నాకే కదా. బేగి ఒళ్లొచ్చేత్తాది."