బల్ల మీద మనిషి

ఖాళీ బల్లని చూసి ఎవరూ ఇల్లు కొనరు, బల్ల మీద ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి నవ్వుతూ ఉండాలి, మరీ నవ్వితే పిచ్చిదనుకుంటారు, అందుకే అంత వెతికి తను ఈ నవ్వుని పట్టుకుంది, ఇప్పుడేమో ఈ ముసలావిడ వచ్చి సరిగ్గా దానిమీదే వేలు పెట్టింది.

“ఈ బల్ల ఎక్కడుందమ్మా? అన్ని బ్లాకుల చుట్టూ తిరిగాను.”

ఇళ్లు కట్టి అమ్మే ఆ ఆఫీసులో అందరూ బొమ్మలమ్మాయి అని పిలిచే ఆమె తల ఎత్తకుండా, తను తయారుచేసిన ఆ రంగుల ప్రకటన కాగితాన్నే చూస్తూ కూర్చుంది. ఎత్తైన భవనాలు, మధ్యలో చెట్లు, చెట్ల కింద బల్ల, బల్ల మీద పసుపు శాలువాతో నవ్వుతున్న ఒకావిడ. కట్టేటప్పుడు చెట్ల చోటు కార్లకి పోయింది. బల్ల కాగితం దాటి బయటికే రాలేదు.

ముసలావిడ పదకొండో అంతస్తులో ఒక్కతే ఉంటుందట. అంత పైన పక్షులకి కూడా పనుండదని తనే అంది. తలుపులన్నీ ఎప్పుడూ మూసే ఉంటాయట. మొత్తం భవనంలో తనతో మాట్లాడేది లిఫ్టు ఒక్కటేనట, అదీ అంతస్తు నంబరు చెప్పి ఊరుకుంటుందట.

“కూర్చోడానికి ఇంత చోటుంటే నలుగురూ కిందికి దిగుతారు. ఇలాగే ఉంటే నేను మాటలు మరిచిపోయేట్టున్నాను.”

అద్దాల గదిలోంచి మేనేజరు, త్వరగా పంపించెయ్యమని చెయ్యి ఊపాడు. బల్ల వచ్చే నెల వేస్తామని చెప్పడం అక్కడి అలవాటు. బొమ్మలమ్మాయి ఆ మాట పక్కన పెట్టింది.

“బల్ల లేదండీ. రాదు కూడా. చెట్లు, మనుషులు, అన్నీ ఎక్కడెక్కడి ఫొటోల్లోంచో కత్తిరించి అతికిస్తాం. ఈవిడ కూడా అంతే.”

“ఎందుకు నవ్వుతోందో తెలుసా?”

“తెలీదు. ఇలా నవ్వేవాళ్లు దొరకడం లేదు. అందుకే ప్రతి బొమ్మలోనూ ఈవిడనే పెడుతున్నాను.”

కత్తిరించని ఫొటో చూపించమంది ముసలావిడ. మేనేజరు కుర్చీలోంచి లేచాడు. బొమ్మలమ్మాయి ఆ ఫొటో వెతికి, కంప్యూటరుని ఆవిడవైపు తిప్పింది. ఐదేళ్ల కిందట, ఈ భవనాలు కట్టడానికి ఒక పాత సందుని కూల్చి, అందులో వాళ్లకి వీటిలో తలో ఇల్లు ఇవ్వకముందు, స్థలం చూడ్డానికి వెళ్లినవాళ్లు తీసింది. ఎదురెదురు గుమ్మాలు. గోడవారగా ఒక బల్ల, దాని మీద ఒకరినొకరు నెట్టుకుంటూ ముగ్గురు ఆడవాళ్లు, మధ్యలో పసుపు శాలువా.

ముసలావిడ వేలు ఆ చివరి ముఖం మీద ఆగింది. తర్వాత ఈ చివరి ముఖం మీద.

“ఈమెది ఏ బ్లాకో, ఈమెది ఏ అంతస్తో తెలీదు” అంది. “మధ్యలో నవ్వేది నేను.”