తలవైపు ఇటుకలు

మంచం కిందికి పోనిచ్చిన చీపురు దేనికో తగిలి ఆగింది.

డోరిస్ వంగి చూసింది. ఇటుకలు. తలవైపు కోళ్ళు రెంటి కిందా రెండేసి.

మంచం మీద ఆమె భర్త వెర్నన్. పక్షవాతం వచ్చి మాట పోయింది, మింగుడు పోయింది. పొట్టకు వేసిన గొట్టంలోంచే తిండి. నిరుడు క్రిస్మస్ లోగా రెండుసార్లు న్యుమోనియా వచ్చింది. మూడోసారి వస్తే బతకడని డాక్టరు దాచకుండా చెప్పేశాడు.

అందుకే ఆ మంచం దగ్గర ఏం కదిలినా డోరిస్‌కు అనుమానం.

"లిండీవే!"

పెరట్లో, తగలబెట్టిన చెరుకు తోటల మసి వచ్చి పడకముందే బట్టలు తీసేస్తున్న జూలూ మనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. జనవరిలో, చెరుకు తోటల పనికొచ్చిన తెలుగువాళ్ళు స్థిరపడ్డ ఈ ఒట్టావాలో గేటు గేటుకీ తిరిగి, పని అడుగుతూ ఈ గేటు దగ్గర ఆగింది.

ఎక్కడైనా పనిచేసినట్టు కాయితం ఉందా అంటే, "ఉండేది మేడమ్. ఇంటితోపాటు కాలిపోయింది" అంది.

లేని కాయితాలన్నీ ఇలాగే కాలిపోతాయి అనుకుంది డోరిస్. ఇదివరకు చేసింది ఏం పనో అడగలేదు. వెర్నన్‌ను ఒక్కతే ఒత్తిగిలించలేక, బట్టలూ ఉతుకుతుందిలే అని పెట్టుకుంది.

పెట్టుకున్న రోజు నుంచీ కనిపెడుతూనే ఉంది.

పనివాళ్ళతో మాట్లాడే వచ్చీరాని వంటింటి జూలూలో తను అడిగితే ఈమె తేటైన ఇంగ్లీషులో జవాబిస్తుంది. జాకెట్టు లోపల తలకిందులుగా గుచ్చుకున్న గడియారమొకటి. ఎవరింట్లో కొట్టుకొచ్చిందో!

గొట్టంలో పోసేముందు సిరంజితో కాస్త వెనక్కి లాగి, సోది చెప్పేదానిలా వెలుతురుకెత్తి చూస్తుంది. నోట మెతుకు పెట్టని మనిషికి రెండుపూటలా పళ్ళు తోముతుంది, నాలుక తుడుస్తుంది. ఏ మందు పూస్తోందోనని ఆ గుడ్డను డోరిస్ దొంగచాటుగా వాసన చూసింది. ఏ వాసనా లేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

"ఈ ఇటుకలేంటి?"

"తల ఎత్తుగా ఉండాలి మేడమ్. పోసింది పైకి తన్నుకొస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పోశాక గంటసేపు దించకూడదు."

"ఆ సంగతి ఆసుపత్రి వాళ్ళే చెప్పారు. దిండు పెట్టానుగా?"

"దిండు మీంచి జారిపోతున్నాడు."

అప్పుడే లోపలికొచ్చింది వెర్నన్ చెల్లెలు వెలరీ. రెండు వారాల్లో ఎన్నికలు. ఏం గొడవలవుతాయోనని కొన్న కొవ్వొత్తులూ చేపల డబ్బాలూ బల్లమీద పెట్టి, మంచం కిందికి తొంగి చూసింది.

"అయ్యో ఒదినా! ఇది తోకోలోషే బయం కాదూ? ఆ పొట్టి దెయ్యం మంచమెక్కకుండా ఈళ్ళు ఇటికెలెడతారు. సాయంత్రం పాస్టరూ, సంగమోళ్ళూ ప్రేయరుకొస్తారు. సూస్తే ఏటనుకుంటారు?"

డోరిస్‌కు తల కొట్టేసినట్టయింది.

"ఇది ప్రార్థన చేసుకునే ఇల్లు లిండీవే. నీ దయ్యాలు ఇక్కడ కుదరవు."

లిండీవే కోపం తెచ్చుకోలేదు. "దయ్యానికైతే నాలుగు కోళ్ళ కిందా పెడతారు మేడమ్. నేను పెట్టింది రెంటికే."

"సూసేవా ఒదినా, దీనికి లెక్కలు కూడా వొచ్చు" అంది వెలరీ.

"రేపట్నించి రావొద్దు" అంది డోరిస్.

లిండీవే వెర్నన్ మణికట్టు పట్టుకుని, గడియారం వంక కాసేపు చూసింది. దుప్పటి సర్దింది.

"గంటసేపు, మేడమ్. మరిచిపోకండి."

ఆమె గేటు దాటేదాకా వెలరీ చూపు ఆమె చేతిలోని మూట మీదే ఉంది.

ఇటుకలు పెరట్లోకి పోయాయి. సంఘంవాళ్ళు వచ్చేలోగా పనైపోవాలని డోరిస్ గొట్టంలో గబగబా పోసేసింది. పాస్టరు చేతులుంచి ప్రార్థన చేయడానికి వీలుగా దిండు తీసి, వెర్నన్‌ను వెల్లకిలా పడుకోబెట్టారు.

పాట ఎత్తుకోగానే వెర్నన్ దగ్గాడు. గొంతులో గురగురమంది. మళ్ళీ దగ్గాడు.

"అన్న పాడబోతన్నాడు" అని వెలరీ కళ్ళు తుడుచుకుంది.

మూడోనాటికి జ్వరం. ఆరోనాడు ఆసుపత్రిలో పోయాడు.

అతని పైజమా, బైబిలు సంచిలో సర్దుతూ నర్సు డేజీ అడిగింది.

"ఆంటీ, మూడు నెలలు ఒక్క జ్వరం లేదు. వీపు మీద ఒక్క పుండు లేదు. నోరు చూస్తే పసిపిల్లల నోరులా ఉంది. ఇంట్లో ఎవరు చూసుకున్నారు?"

"బట్టలుతికే మనిషి" అంది డోరిస్. "మంచం కింద ఇటుకలు పెట్టింది. నేనే తీసేశాను."

డేజీ చేతులు ఆగాయి.

"తలవైపు? రెండేసి?"

డోరిస్ తలెత్తింది. డేజీ తెల్లచొక్కా మీద గడియారం తలకిందులుగా వేలాడుతోంది.

"మేం చదివిన మిషన్ ఆసుపత్రి కొండల్లో ఉండేది ఆంటీ. తల లేపే మంచాలు లేవు. మా బ్యాచంతా ఇటుకలతోనే నేర్చుకున్నాం. నేర్పినావిడ ఇల్లు గొడవల్లో తగలబెట్టారు, సర్టిఫికెట్ అందులోనే పోయింది. అది లేకుండా ఏ ఆసుపత్రీ తీసుకోలేదు. నేనే ఉత్తరాలు రాసి కొత్తది తెప్పించాను. ఇచ్చేద్దామంటే మనిషి జాడ లేదు."

డ్రాయరు లాగి ఒక కవరు తీసింది.

"ఆవిడ జాడ మీ మనిషికేమైనా తెలుసేమో. ఎక్కడుంటుంది ఆమె?"

డోరిస్‌కు తెలియదు. అదీ అడగలేదు.

కళ్ళజోడు తెచ్చుకోలేదు. కవరు అందుకుని, విప్పి, కిటికీ దగ్గరికి నడిచి, పనికి పెట్టుకున్న రోజు తాను అడిగిన ఆ కాయితం మీది పేరును అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది: సిస్టర్ లిండీవే.