కుర్చీలో మహారాణి

"మలుపు దగ్గర మెల్లగా. తల జాగ్రత్త," అంది మెట్ల కింద నిలబడ్డ పెద్దమ్మ.

కుర్చీ మోస్తున్న నలుగురు ఆడవాళ్లకూ నవ్వాగలేదు. కుర్చీలో ఉన్నది ఇసుక బస్తా. దానికి పాత శాలువా చుట్టి, తాడుతో కుర్చీకి కట్టి, ప్రార్థన ముగిసిన ప్రతిసారీ మందిరం పై అంతస్తుకు మోయించడం ఆ మందిరాన్ని చూసుకునే పెద్దమ్మ పెట్టిన నియమం. మోసేవాళ్లు ఆ బస్తాకు మహారాణి అని పేరు పెట్టుకున్నారు.

"బస్తాకి తలెక్కడుంది పెద్దమ్మా?" అంది టైలరమ్మ, కుర్చీ ముందు కాలు పట్టుకుని ఆయాసపడుతూ.

"ఉందనుకుని మొయ్యి," అంది పెద్దమ్మ.

ఏటి పక్కనున్న ఆ పల్లపు వీధుల్లో మేడ అంటూ ఉన్నది ఆ మందిరం ఒక్కటే. పైన మంచినీళ్ల డ్రమ్ములు, బియ్యం, దుప్పట్లు, మందులు ఎప్పుడూ సిద్ధంగా ఉంచేది పెద్దమ్మ. వాటినెవరూ కాదనలేదు. కిందటి వరదను చూసిన పాతవాళ్లు ఇంకా ఉన్నారు మరి. ఆ రోజు వీధులన్నీ ఈ మేడెక్కి బతికాయనీ, పైకి చేర్చలేకపోయింది ఒక్క మనిషినేననీ చెప్పేవారు. ఆ పైన ఇంకేమీ చెప్పేవారు కాదు.

బస్తా మోత మాత్రం ఎవరికీ మింగుడు పడలేదు. నడవలేనివాళ్లను మోయడం నేర్పాలనుకుంటే సరే, సగం బస్తా చాలదా? పగలు మగవాళ్లంతా పనులకు పోతారు కాబట్టి ఆ బరువంతా ఆడవాళ్ల నడుముల మీదే పడేది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని కుర్చీ వెనక కాలు పట్టే కూరగాయల వదిన చాటుగా సణిగేది. నోటితో చేసే ప్రార్థన సగమేననీ, మిగతా సగం భుజాలతో చేయాలనీ పెద్దమ్మ అనేది. ఆ మాట వినడానికి బాగానే ఉండేది, మోయడానికే బరువుగా ఉండేది.

టైలరమ్మకు ఇంట్లో ఇంకో మోత ఉంది. అత్తగారు పక్షవాతంతో మంచం పట్టింది. భర్త లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. ఆవిడను లేపాలన్నా, కూర్చోబెట్టాలన్నా కోడలొక్కతే. ఇంట్లో ఒక మహారాణి, మందిరంలో ఒక మహారాణి, తన నడుం ఏ జన్మలో ఏ పాపం చేసిందోనని నవ్వుతూనే విసుక్కునేది. ఆ విసుగులోనే ఒకరోజు కూరగాయల వదినను తోడు తీసుకుని బస్తాలో సగం ఇసుక పారబోసి, తన మిషను కింద పోగైన గుడ్డపీలికలు కుక్కేసింది. ఆ పూట మహారాణి పూలబుట్టలా మేడెక్కింది.

పెద్దమ్మ వెంటనే కనిపెట్టింది. తిడుతుందనుకున్నారు, తిట్టలేదు. కుర్చీ పక్కన చతికిలబడి, శాలువా విప్పి, పీలికలన్నీ తీసి పక్కన పెట్టింది.

"బరువైతే ఇంకో ఇద్దర్ని పిలుచుకోండి. దీన్ని మాత్రం తగ్గించకండి," అంది.

తనే ఇసుక తెచ్చి పోసి, కిరాణా కొట్టు కాటా మీద తూయించి, బస్తాను మళ్లీ పాత బరువుకు తెచ్చింది. టైలరమ్మకు సిగ్గూ వేసింది, ఒళ్లూ మండింది. ఇసుక మీద ఇంత మమకారమేమిటో బోధపడలేదు.

ఏరు పొంగింది ఒక మిట్టమధ్యాహ్నం. మందిరం గంట ఆగకుండా మోగింది. నీళ్లు గడప దాటేసరికి టైలరమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తగారిని మంచం మీంచి లేపబోయింది, ఒక్కతి వల్ల కాలేదు. మళ్లీ ప్రయత్నించింది. ముసలావిడ పనిచేసే చేత్తో కోడలి చెంప తడిమింది.

"నువ్వు పో తల్లీ. నా కోసం చూడకు."

అప్పుడు గుమ్మంలోకి కుర్చీ వచ్చింది. వెనకాలే నీళ్లను తోసుకుంటూ కూరగాయల వదిన, మిగతా ఇద్దరూ వచ్చారు. ముసలావిడకు శాలువా చుట్టారు, తాడు బిగించారు, ఎవరి కాలు వాళ్లు పట్టుకున్నారు. వీధిలో నీళ్లు నడుం దాకా ఉన్నాయి. మందిరం కింది మెట్లు మునిగిపోయాయి. కళ్లకు కనబడని ఆ మెట్లు పాదాలకు తెలుసు. సగం ఎక్కేసరికి పైనుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"మలుపు దగ్గర మెల్లగా. తల జాగ్రత్త."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కూరగాయల వదిన మోచెయ్యి ముసలావిడ తలకూ గోడకూ మధ్య అడ్డం వెళ్లింది.

సాయంత్రానికి వీధులన్నీ మేడ మీదే ఉన్నాయి. కింద ఇళ్ల కప్పులు తప్ప ఏమీ కనబడలేదు. టైలరమ్మ మెట్లను మింగిన నీళ్ల వైపు చూసింది. అందులోంచి నలుగురు ఆడవాళ్లు ఒక మనిషిని మోసుకొచ్చారంటే నమ్మబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ తిట్టుకుంటూ చేసింది ప్రార్థనేనని అర్థమై కళ్లు నిండాయి.

పెద్దమ్మ ముసలావిడకు నీళ్లు తాగించి, పొడి దుప్పటి కప్పి, తడిసిన శాలువాను పిండుతోంది. టైలరమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

"ఆ బస్తాతో పోలిస్తే మా అత్తయ్య తేలికే పెద్దమ్మా. సగం బరువే మోయడం అలవాటై ఉంటే ఆ మలుపు దగ్గరే దించేసేవాళ్లం," అంది. "సరిగ్గా అంత బరువుండాలని నీకెలా తెలిసింది?"

పెద్దమ్మ శాలువాను ఒళ్లో పరుచుకుని, ముడతలు పోయేలా నిమిరింది.

"అది మా అత్తగారి బరువమ్మా."