వెనక సీటు మనిషి

మసకబాబు తీసిన రీలు మళ్లీ పాడైంది.

ఎడిటింగ్ గదిలో దర్శకుడి కూతురు తల పట్టుకుంది. తెరమీద ఆకాశం ఓ మూలకు, కొండ ఇంకో మూలకు పోయాయి. అదేమిటో తీసినవాడికే తెలియాలి.

విడుదల నెత్తిమీదికొచ్చింది. ఈ సినిమా కూడా పోతే నాన్నకు ఇంకెవరూ సినిమా ఇవ్వరు.

నాన్న సామాన్యుడు కాదు. వయసులో ఉండగా, ఎవరూ దాటని కొండల మీదుగా ఉత్తరాల మూటలు మోసిన పైలట్. రెండుసార్లు విమానం కూలింది, రెండుసార్లూ నడిచి ఇంటికొచ్చాడు. తర్వాత ఆ ఆకాశాన్ని జనానికి చూపిస్తానని సినిమాల్లోకి దిగాడు. ఇప్పటికీ తన సినిమాలో విమానం తనే నడుపుతాడు. వద్దన్నవాళ్ల మీద ఒంటికాలి మీద లేస్తాడు.

వెనక సీట్లో కూర్చుని కెమెరా తిప్పేది మసకబాబు. బొమ్మ ఎప్పుడూ మసకగా వస్తుందని ఆ పేరు యూనిట్ వాళ్లు పెట్టిందే. నాన్న అతన్ని ఎక్కడినుంచి పట్టుకొచ్చాడో ఎవరికీ తెలియదు. పలకరిస్తే పలకడు. విమానం దిగగానే చొక్కా చెమటకు తడిసి ముద్దయి, ఓ పక్కన కూలబడతాడు. కూర్చుని తిరిగొచ్చేవాడికి ఇంత ఆయాసమేమిటని లైట్లవాళ్లు నవ్వుకునేవారు.

అతన్ని మార్చమంటే నాన్న ఎప్పుడూ మాట దాటేసేవాడు. చివరికి ఆమే పిలిచి, రేపటినుంచి రావద్దని చెప్పేసింది.

"నాన్నగారిని అడిగారా అమ్మా?"

"అడిగితే ఆయన వదలరుగా."

అతను విమానం ఉన్న వైపు ఓసారి చూసి, వెళ్లిపోయాడు.

మర్నాడు వెనక సీట్లో కొత్త కుర్రాణ్ణి చూసి నాన్న ఉన్నచోటే ఆగిపోయాడు. కోపమొచ్చిందనుకుంది. కానీ ఆయన కుర్రాడి భుజం తట్టి, దిగమన్నాడు. కెమెరాను రెక్కకు బిగించమన్నాడు.

"నేనొక్కణ్ణే వెళ్తాను."

ఆమెకు భయమేసింది.

"ఇవాళ్టికి మానేద్దాం నాన్నా."

"అందరూ చూస్తున్నారమ్మా."

విమానం లేచింది. కొండ చుట్టూ తిరిగింది. షాట్ అయిపోయింది.

కానీ దిగలేదు.

నేల దాకా వచ్చి, మళ్లీ పైకి లేచింది. ఇంకోసారి వచ్చింది, ఇంకోసారి లేచింది. లైట్లవాళ్ల నవ్వులు ఆగిపోయాయి. పెట్రోలు ఎంతసేపు వస్తుందని ఎవరో అడిగారు.

అప్పుడు గేటు వైపునుంచి మసకబాబు పరుగెత్తుకొచ్చాడు. ఇంజను చప్పుడు విని వచ్చాడట, కాళ్లకు చెప్పులు కూడా లేవు.

"వెనక సీట్లో ఎవరున్నారమ్మా?"

"ఎవరూ లేరు. ఒక్కరే వెళ్లారు."

అతను తల పైకెత్తి విమానాన్నే చూస్తూ, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"వెనక సీటు దగ్గర కూడా విమానం నడిపే కర్ర ఉంటుందమ్మా. కెమెరా తిప్పేటప్పుడూ నా ఓ చెయ్యి దానిమీదే. నాన్నగారికి చూపు ఆనడం మానేసినప్పటినుంచీ, విమానాన్ని నేలకు దించుతున్నది నేనే."