మెట్టు మీది ముసలాయన

"చూడన్నా, ఆ ముసలాయన మళ్ల అడ్డమొచ్చిండు!"

నీరజ విసుగ్గా ఫోను దించేసింది.

తాపీ నది ఒడ్డున ఉన్న ఆ పాత చర్చి మీద కాలేజీ పోటీకి వీడియో తీయాలి. ఇవాళే పంపాలి. గంట గోపురం బీటలు వారిందని రేపటి నుంచి ఎవరినీ ఎక్కనివ్వరట. ఈ సాయంత్రం ప్రార్థనకు మోగే గంటే ఆఖరిది. అది లేకపోతే వీడియో ఉప్పులేని పప్పే.

గోడాదరా పేటలో మగ్గాల మోత మధ్య పెరిగిన పిల్లకు ఒక్కసారి ఆ గంట వినాలని ఎంత ఆశో! కళ్లు మూసుకుంటే చాలు, నదిలో తెరచాపల ఓడలు ఆగేవి. దొరసానులు గుర్రబ్బండ్లు దిగి, గౌన్లు ఎత్తిపట్టుకుని మెట్లెక్కేవారు. పైన గంట మోగేది.

కళ్లు తెరిస్తే గోపురం మెట్టు మీద గళ్ల లుంగీతో ఈయన.

"బాబా, జర హటో నా!"

ఆయన నవ్వాడు.

"జర పక్కకు జరుగుండ్రి!"

మళ్లీ నవ్వే. చెవి చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు. వినపడదన్నమాట.

"కూసోనియ్యి, ఆయన నిన్నేమన్నడు?" అన్నాడు అన్న సాయికుమార్.

"గంట మోగేటప్పుడు గోపురం సాఫ్ కనవడాలె. ఇంట్ల బాపుతోని ఒర్రుడు చాలదా, ఈడగూడ ఒర్రాల్నా?"

మగ్గాల చప్పుడుకు వాళ్ల నాన్న చెవులు ఎప్పుడో పోయాయి. ఆ ఇంట్లో సగం మాటలు చేతులతోనే.

నీరజ ముసలాయన ఎదుట నిలబడి గేటు చూపించింది. వెళ్లమని చెయ్యి విసిరింది.

ఆయన వేలు పైకెత్తి ఏదో చెప్పబోయాడు. దేవుణ్ణి చూపించి మొండికేస్తున్నాడని ఆమెకు ఒళ్లు మండింది. ఇంకా గట్టిగా చెయ్యి విసిరింది.

ఈసారి ఆయన నవ్వలేదు. మెల్లగా లేచి, లుంగీ దులుపుకుని, గేటు దాటి సందులోని జనంలో కలిసిపోయాడు.

"హమ్మయ్య!"

ఫోను గోపురానికి గురిపెట్టింది.

ప్రార్థన మొదలైంది. గంట మోగలేదు.

పాటలు కూడా అయిపోయాయి. గంట మోగలేదు.

"డ్యూటీకి టైమైతాంది, పోదాం పా," అని అన్న ఒకటే గోల. ఇంతలో వాచ్‌మన్ వచ్చి గోపురం తలుపుకు తాళం వేశాడు. నీరజకు ఏడుపు తన్నుకొచ్చింది. పాస్టరుగారు బయటికి రాగానే హిందీలో ఒంటికాలి మీద లేచింది.

"ఆఖరి గంటన్నారు, ఎందుకు కొట్టలేదు?"

ఆయన దిగులుగా ఖాళీ మెట్టు వైపు చూశాడు.

"నాకూ అంతుపట్టడం లేదమ్మా. మధ్యాహ్నమే వచ్చి ఇక్కడ కూర్చున్నాడు. ఇక ఎక్కొద్దని ఎవరైనా చెప్పి పంపేశారో ఏమో."

"ఎవరిని?"

"ఈ గంట కొట్టీ కొట్టీ చెవులు పోగొట్టుకున్న మా సామ్యూల్ కాకాను."